డైనమో మేస్త్రీ రుజువు

గోరువెచ్చని నీళ్లు పోస్తున్నకొద్దీ బ్యాటరీ కొమ్ముల మీద పేరుకున్న తెల్లటి పొడి బుసబుసమని నురగలు కక్కి కరిగిపోతోంది. డైనమో మేస్త్రీ యువరాజుకు స్నానం చేయిస్తున్నంత శ్రద్ధగా దాన్ని కడుగుతున్నాడు. ఆ బ్యాటరీ చచ్చి రెండు నెలలైంది. దాని కోసం ఎవరూ అడగలేదు, ఇకమీదట అడగరు. అయినా ఉదయం ఎనిమిదయ్యేసరికి ఏదో ఒక పని లేకపోతే ఆయన చేతులు ఆయన మాట వినవు.

నలభై రెండేళ్లపాటు ఆ వీధిలో వాహన విద్యుత్ సామ్రాజ్యాన్ని ఏకచ్ఛత్రంగా ఏలినవాడు. ప్రస్తుతం ఆయన ఏలుబడిలో మిగిలింది బోర్లించిన బకెట్టు, దాని చుట్టూ మూడడుగుల నేల. మిగతా షెడ్డునంతా మేనల్లుడూ, అతని కంప్యూటరూ సంయుక్తంగా పాలిస్తున్నారు. విజేతలు దయగలవాళ్లే, రెండు పూటలా కాఫీ పంపుతారు.

మనిషి బక్కపలచన. కుడి బొటనవేలి గోరు ఏనాడో నలిగి నల్లబడి అలాగే స్థిరపడింది. ఇంజన్ల వైపు చెవి ఒగ్గీ ఒగ్గీ మెడ ఎడమకు ఒరిగిపోయింది. పెళ్లి భోజనాల్లో కూడా ఏదో బండి నాడి వింటున్నట్టే కూర్చుంటాడని, ఉన్నన్నాళ్లూ భార్య నవ్వేది.

ఆ నెల మొదట్లో మేనల్లుడు ఒక శాసనం జారీ చేశాడు. "మావయ్యా, కొత్త బళ్ల జోలికి మాత్రం వెళ్లకు. పాతవి ఎన్నొచ్చినా నీవే." పాతది ఆ నెలలో ఒక్కటే వచ్చింది; అదీ దారి అడగడానికి.

ఆ ఉదయం మేనల్లుడు స్పేరు పార్టుల కొట్టుకు వెళ్లిన సమయంలో ఒక బ్రెడ్డు వ్యాను వచ్చి ఆగింది. కొత్తది. లోపలినుంచి దిగిన డ్రైవరు గుండ్రంగా, చెమటలు కక్కుతూ ఉన్నాడు.

"మేస్త్రీ గారూ, బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి చస్తోంది. పొద్దున తోయించి స్టార్ట్ చేశా. తోసింది మా ఆవిడ. సాయంత్రం ఇంటికెళ్తే ఉంటుంది నాకు!"

"మా మేనల్లుడొస్తాడు, కూచో."

"పదకొండుకల్లా బ్రెడ్డు దించాలండీ. అయినా మీరుండగా ఆయనెందుకు?"

మీరుండగా! ఆ మాట విని ఎన్నాళ్లయింది! ఇక శాసనాలు ఏపాటి? ఈ బండి బాగైతే ఆయన మళ్లీ మేస్త్రీ. లేదంటే బకెట్టు మీద కూర్చునే ముసలాయన.

ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి చూశాడు. పద్నాలుగు వోల్టుల దాకా లేవాల్సిన ముల్లు పన్నెండు దగ్గరే చతికిలబడింది. అంటే ఆల్టర్నేటరు కరెంటు పుట్టించడం లేదు. బండి బ్యాటరీలో ఉన్నదాన్నే తింటూ బతుకుతోంది. ఇంజను ఆపించి బెల్టు నొక్కి చూశాడు: బిగువుగానే ఉంది. తరువాత వేళ్లు ఆల్టర్నేటరు వెనక్కి, కళ్లు చేరలేని ఇరుకులోకి దూరాయి. అక్కడ ఒక తీగ తాలూకు ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. తీసి తుడిచి నొక్కాడు. టక్కుమంది.

షెడ్డులోని మంచి బ్యాటరీ ఆసరా ఇచ్చి మళ్లీ స్టార్ట్ చేయగానే ఎర్ర గుర్తు ఆరిపోయింది. ముల్లు పద్నాలుగు దాటింది.

"అబ్బ, ఏం చేతులండీ మీవి!"

చరిత్ర ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ బళ్లలో ఆల్టర్నేటర్లకు బదులు డైనమోలుండే కాలంలో ప్రతి విజయానికీ ఒక ఊరేగింపు ఉండేది. నడుస్తున్న బండికి బ్యాటరీ తీగ పీకేసేవాడు. బండి ఆగకుండా నడుస్తూనే ఉండేది. టీ కొట్టు దగ్గరి డ్రైవర్లంతా లేచొచ్చి నోళ్లు వెళ్లబెట్టి చూసేవాళ్లు. మీటరు తన నమ్మకం కోసం. రుజువు జనం కోసం.

"ఇప్పుడు చూడు. బ్యాటరీ పీకేసినా ఆగదు."

"నమ్మానండీ బాబూ, వద్దులెండి."

"నువ్వు చూడవోయ్!"

పీకాడు. ఇంజను ఒక్కసారి గర్జించింది. దీపాలు ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగి, అన్నీ కలిసికట్టుగా ఆరిపోయాయి. డ్రైవరుకు ఏమీ తెలియకముందే కాలిన ప్లాస్టిక్కు వాసన మేస్త్రీ ముక్కుకు తగిలింది.

తీగ మళ్లీ బిగించాడు. తాళం తిప్పించాడు. ఉలుకూ పలుకూ లేదు. ఫ్యూజులన్నీ తీసి చూసి మళ్లీ పెట్టాడు. ఇక చేతులు ఎటు పోవాలో తెలియక, బాగానే ఉన్న ఆ ప్లగ్గునే నొక్కుతూ ఉండిపోయాయి.

"తీగ పెట్టేశారుగా, ఇంకేమైందండీ?" అన్నాడు డ్రైవరు.

తిరిగొచ్చిన మేనల్లుడు కంప్యూటరు తగిలించాడు. వ్యాను వైపునుంచి పలికేవాళ్లు లేరు.

"మావయ్యా, నడుస్తుండగా బ్యాటరీ పీకావా?"

"అంతకు ముందే బాగైందిరా. పద్నాలుగు దాటింది. ఒట్టు."

"తెలుసులే. బ్యాటరీ పీకితే కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఈ బళ్ల లోపలి కంప్యూటరు మెదడు అంత దెబ్బను తట్టుకోదు, కాలిపోతుంది." గొంతులో కోపం లేదు. ఉంటే ఎదురు చెప్పడానికి వీలుండేది.

బ్రెడ్డు ట్రేలను ఆటోలోకి మారుస్తున్నారు. మేస్త్రీ వెళ్లి ఒక ట్రే ఎత్తబోయాడు. డ్రైవరు దాన్ని ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు.

"మీకెందుకండీ శ్రమ. కూచోండి తాతగారూ."

ఆటో వెళ్లాక చూస్తే ఆయన షెడ్డులో లేడు. టీ కొట్టుకు వెళ్లుంటాడనుకున్నారు. మర్నాడూ రాలేదు. మేనల్లుడు ఇంటికి వెళ్తే తలుపు తీయకుండానే, "ఇక రాన్రా. నువ్వు భోంచేశావా?" అన్నాడు.

షెడ్డు వెనక గదిలో కిటికీ ఊచకు ఆయన పని చొక్కా వేలాడుతోంది. ఏళ్లతరబడి యాసిడ్డు చుక్కలు పడి చిల్లులైన చోటల్లా వెలుతురు దూరి, ఎదుటి గోడ మీద ముత్యాల్లాంటి చుక్కలు గాలికి కొద్దికొద్దిగా కదులుతున్నాయి.