హెడ్డింగులో పట్టని మాట

చెన్నై మనలిలోని ఆ రసాయనాల ఫ్యాక్టరీ గేటు ముందు సుబ్బన్ శవాన్ని దింపనివ్వలేదు. ఆంబులెన్సు తలుపు సగం తెరిచి మళ్ళీ మూసేశారు. "ఇంటికి తీసుకుపోండి, ఈడ కూడదు" అన్నాడు కాంట్రాక్టరు మనిషి. బతికున్నప్పుడే కాదు, చచ్చాక కూడా గేటుపాసు కావాలి కాబోలు.

గుంపులో నిలబడి సంయుక్త చూస్తూనే ఉంది. సుబ్బన్ ఇంటి పక్క వీధే ఆమెది. అంబత్తూరులో ఒక తెలుగు వార్తల వెబ్‌సైటులో సబ్ ఎడిటర్. డ్యూటీకి బయల్దేరబోతూ ఏడుపులు విని జనం వెంట వచ్చేసింది.

సుబ్బన్ భార్య తంగమ్మ అప్పటికే ఏడుపు ఆపేసి మాట్లాడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా సుబ్బన్‌తో పాటు ట్యాంకులు కడిగే కాంట్రాక్టు కూలీలు.

"ట్యాంకు లోపలికి గాలి కొట్టే బ్లోయర్ ఒకటే ఉండాది. ఈయన లోపల ఉండంగానే దాన్ని పీకి పక్క ట్యాంకుకి ఎత్తుకపోయినారు. వద్దు సామీ, లోపల మనిషి ఉండాడని వీళ్ళందరూ అరిచినారు. కొంచేపు ఓర్చుకోమన్నారంట." తంగమ్మ వచ్చి సంయుక్త చెయ్యి పట్టుకుంది. "నువ్వు వార్తలు రాస్తావు గదా పాపా. నా మొగుడు చచ్చిపోలా. ఊపిరాడనీకుండా చంపినారు. అట్నే రాయి."

"అట్నే రాస్తానక్కా" అంది సంయుక్త.

మాట ఇవ్వడానికి నోరుంటే చాలు. ఆ నెలలోనే డెస్కు ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీ అవుతోంది, అది సంయుక్తదేనని ఆఫీసంతా అనుకుంటోంది. చేరిన కొత్తలో ఆమె నోట 'ఈడ', 'ఆడ' దొర్లితే ఆ డెస్కు పగలబడి నవ్వేది. పళ్ళు బిగబట్టి అచ్చులో పడే తెలుగు నేర్చుకుంది. ఇప్పుడు నవ్వినవాళ్ళ తప్పులు కూడా తనే దిద్దుతోంది. టి. నగర్ చీరల కొట్టులో పనిచేసే వాళ్ళక్క "మా చెల్లెలు ఎడిటరు" అని తోటివాళ్ళకి చెప్పుకుని మురిసిపోతుంది.

ఆఫీసుకు రాగానే కూలీలు చెప్పిందంతా రాసి, పైన హెడ్డింగు పెట్టింది: 'ఊపిరాడనివ్వకుండా చంపారు: కార్మికుడి భార్య'.

న్యూస్ ఎడిటర్ శివరామ్ అది చూసి పిలిచాడు. గుంటూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే తల నెరిసిన మనిషి.

"హెడ్డింగు పొడుగైపోయిందమ్మా. ఫోన్లో పట్టదు. 'ఊపిరాడక కార్మికుడి మృతి' చాలు. మనం ఎప్పుడూ రాసేది అదేగా."

"ఊపిరాడకపోవడం వేరు, ఆడనివ్వకపోవడం వేరు సార్."

"నాకు వ్యాకరణం చెప్పకు. ఆ ఫ్యాక్టరీ ప్రకటన మన పేజీ నెత్తిమీదే ఉంది. రేపు ఆ కుర్చీలో కూర్చోవాల్సినదానివి, ఏది తీసెయ్యాలో నీకు తెలియాలి."

ఆయన దుర్మార్గుడేం కాదు, భయస్థుడు. ఆ దేశంలో, ఆ కాలంలో దుర్మార్గుల పనులన్నీ భయస్థుల చేతుల మీదుగానే జరుగుతున్నాయి. హెడ్డింగులో మాట మార్చి, వార్త కింద సంయుక్త పేరు ఉంచి, సైటులోకి ఎక్కించేశాడు.

కాసేపటికే తంగమ్మ ఫోను చేసింది. గేటు దగ్గర ఎవరో వార్త చదివి వినిపించారట. "ఏం పాపా, ఊపిరాడకనా? ఆయనకేమన్నా ఆయాసం జబ్బా?" అని అడిగి పెట్టేసింది.

సంయుక్తకు తల కొట్టేసినట్టయింది. లేచి డెస్కు మధ్య నిలబడి జరిగిందంతా చెప్పింది. ఆ మాట సరిదిద్దేదాకా ఇంకో వార్త ముట్టనంది.

"మా ఆవిడ నెల తప్పిందక్కా. ఇప్పుడు వేలై, ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పేది?" అన్నాడు పక్క సీటు విఘ్నేష్.

వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన కార్తీక కుర్చీ వెనక్కి నెట్టింది. "హెడ్డింగుల పట్టదా, మనకు పట్టదా? ముందు గది చెప్పుండ్రి."

ఎవరూ నవ్వలేదు. విఘ్నేషే మళ్ళీ అందుకున్నాడు. "మన డెస్కులో ఉండిన జననిని పనిలోంచి తీసేసినారు గదా. 'తప్పుకున్నారు' అని నోటీసు దిద్దింది నేనే. తప్పించినారని రాయలా. రేపు నన్నూ అట్నే రాస్తారు." కీబోర్డును పక్కకు తోశాడు. ఆ వరసలో ఒక్కొక్కరే చేతులు తీసేశారు.

వెబ్‌సైటు మీద పొద్దుటి వార్తలే పాచిపట్టి కూర్చున్నాయి. శివరామ్ బతిమాలాడు, బెదిరించాడు, ఆ కుర్చీ సంగతి మళ్ళీ ఎత్తాడు. "ఆ కుర్చీ మీకే ఉంచండి సార్" అంది సంయుక్త. అన్నేళ్ళ ఆశ, ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది. యాజమాన్యం లాగిన్లు కట్ చేసి, సెక్యూరిటీ చేత అందరినీ కిందికి పంపించేసింది.

వాళ్ళు ఇళ్ళకు పోలేదు. బస్సెక్కి మనలి వెళ్ళారు. కూలీలు ఆంబులెన్సును కదలనివ్వకుండా రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. తంగమ్మ మొహం తిప్పుకుంది. సంయుక్త సంజాయిషీ చెప్పలేదు. కూలీల దగ్గర రంగు డబ్బా అడిగి, ఫ్యాక్టరీ గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: 'ఊపిరాడనివ్వకుండా చంపారు'. అరవంలో పక్కనే విఘ్నేష్ రాశాడు. అంత పొడుగు గోడ మీద మాట హాయిగా పట్టింది. తంగమ్మ లేచి వచ్చి, ఇంకా తడి ఆరని అక్షరాల ముందు చాలాసేపు నిలబడింది.

పోలీసులు వచ్చారు. "ఎవరు రాసింది? ఏం పని చేస్తావు?" అని ఇన్‌స్పెక్టరు అరవంలో అడిగాడు.

పొద్దుట ఉన్న ఉద్యోగం ఇప్పుడు లేదు. అయినా సంయుక్త తడుముకోలేదు. "ఎడిటర్ని. తప్పులు దిద్దుతాను."

"నేనూ రాసినా" అన్నాడు విఘ్నేష్. కార్తీక అతని పక్కకు వచ్చి నిలబడింది. తంగమ్మ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. "నన్ను కూడా రాసుకో సామీ. ఆ మాట నాది."

వెనక రోడ్డు మీద కూర్చున్న కూలీలు ఒక్కొక్కరే లేచారు. పోలీసులు ఒక్క వ్యానే తెచ్చారు. ఎక్కుతామన్నవాళ్ళు అందులో పట్టలేదు.