బతికున్న కీర్తిశేషులు

చండ్రుగొండ మిర్చి రైతుల, వర్తకుల సంఘం పేదపిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వాలనుకోవడం మంచిదే. చిక్కల్లా నిబంధనలతో వచ్చింది. కార్యదర్శి షుకూర్ ఇంకెక్కడిదో సంఘం నిబంధనలు తెచ్చి, చదవకుండా మక్కికి మక్కి దింపి రిజిస్టర్ చేయించాడు. స్కాలర్‌షిప్ కాలం చేసిన పెద్దల పేరు మీదే ఇవ్వాలని అందులో ఉంది. డబ్బిస్తానన్న వెంకటరామారావేమో గుండ్రాయిలా ఉన్నాడు. పైగా తన పేరే పెట్టాలని పట్టు.

"మీ నాయన పేరు పెడ్దాం సార్," అన్నాడు షుకూర్, రామారావు ఇంట్లోనే జరిగిన మీటింగులో.

"నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించి దుక్కికి తోలిన మనిషి పేరు చదువుకు పెడతారా? సిగ్గుండాలి!"

"మరి రూల్ మార్చాలంటే నెల పడ్తది."

ఆ మాట వినేసరికి వంటింట్లో ఉన్న ఆయన భార్య నిర్మలాదేవి పొయ్యి కట్టేసి ఇటు చెవి పెట్టింది. ఆ స్కాలర్‌షిప్ అందుకోవాల్సిన హేమ్లికి ఖమ్మంలో నర్సింగ్ సీటొచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు పోతుంది. తండా నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే ఆ పిల్లకు పదో తరగతి నుంచీ తన వరండాలో పాఠాలు చెప్పింది ఆవిడే. కన్నబిడ్డలా చూసుకుంది. ఫీజు మనమే కడదామండీ అని ఎన్నిసార్లు అడిగినా, "ఊరికే ఇస్తే ఎవరికి తెలుస్తుంది?" అనేవాడు మొగుడు.

"అయితే నేను పోయాననుకోండి!" అన్నాడు రామారావు.

"అవ్, గిది మంచిగుంది," అన్నారు అందరూ. ఏం మనుషులండీ బాబూ! ఒక్కడికైనా నవ్వు రాలేదు.

"మరి నా బొట్టు సంగతేం చేశారు?" గుమ్మంలోకొచ్చి గయ్యిమంది నిర్మలాదేవి.

"ఒక్క పూట ముచ్చటే గద వదినా," అన్నాడు షుకూర్. "ప్రోగ్రాం అయినంక సార్ మళ్ల ఎప్పటి లెక్కనే ఉంటడు."

ఆదివారం ఫంక్షన్ హాలు ముందు 'కీర్తిశేషులు' అని ఫ్లెక్సీ లేచింది. మీసం సరిగ్గా పడలేదని రామారావే దాన్ని మళ్లీ కొట్టించాడు. వేదిక మీద ఆయన ఫొటోకి దండ, ముందు దీపం. ముందు వరసలో ఇస్త్రీ పంచెలో ఆయన.

ముదిగొండ నుంచి బావ గోపాలు ఫోన్లో ఫ్లెక్సీ చూసి, గుండెలు బాదుకుంటూ దిగాడు. రామారావే ఎదురెళ్లి, "ఊరుకో బావా, ఏం చేస్తాం," అని మంచినీళ్లు తాగించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఒక్కొక్కరూ మైకు పట్టుకుని పొగుడుతుంటే ఆయనకు కన్నీళ్లాగలేదు. ఇంత గొప్పవాడు పోవడం తీరని లోటేనని ఆయనకే అనిపించింది. భార్య వైపు ఒంగి గుసగుసగా అన్నాడు: "నిర్మలా, ఈ ఏటికి ఆ డబ్బుతో నా విగ్రహం పెట్టిద్దాం. స్కాలర్‌షిప్ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే."

నిర్మలాదేవి వేదిక వైపు చూసింది. హేమ్లి సర్టిఫికెట్ల కవరు గుండెకు హత్తుకుని, ఎప్పుడు పిలుస్తారా అని నిలబడి ఉంది. తెల్లారితే గడువు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. విసురుగా వెళ్లి షుకూర్ చేతిలో మైకు లాక్కుంది.

"మా ఆయన పోతూ పోతూ చివరి కోరిక చెప్పారు. హేమ్లి చదువు పూర్తయ్యేదాకా ఏటా ఫీజు మేమే కట్టాలని. ఆ తర్వాత ఏటా ఇంకో ఆడపిల్లని చదివించాలని."

"ఏయ్! నేనెప్పుడన్నాను?" లేచాడు రామారావు.

గోపాలు పంచె పట్టి లాగాడు. "కూసో బావా! పోయినోడివి నడుమ మాట్లాడితే ఎట్ల?"

గొడవ ముదురుతుందని షుకూర్ కంగారుపడి, "అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నాడు. హాలంతా లేచింది. అందరితోపాటు రామారావూ తలొంచుకుని నిలబడ్డాడు. ఆ మౌనంలోనే నిర్మలాదేవి సంచిలోంచి ఇద్దరి పేరా ఉన్న ఖాతా చెక్కుబుక్కు తీసి, సంతకం పెట్టి, హేమ్లి చేతిలో పెట్టింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. పోయినాయన కోసమేననుకున్నారు జనం.

కారులో రామారావు మూతి ముడుచుకున్నాడు. "బతికున్న మనిషిని. నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

"బతికుండగా ఎన్నిసార్లు అడిగానండీ," అంది నిర్మలాదేవి. "పోయాకేగా ఒప్పుకున్నారు."