సన్యాసమ్మను గుర్తుపట్టని యంత్రం

నేను ఒక హాజరు యంత్రాన్ని. మనిషి వేలు ఆనిస్తే పనికి వచ్చిందీ లేనిదీ చెప్పే నల్లటి డబ్బాను. నాకు పక్షపాతం ఉండదని నమ్మి, ఓడరేవులో పారిశుద్ధ్య పనుల కాంట్రాక్టరు నన్ను గేటు పక్క గోడకు బిగించాడు. నేనూ నమ్మాను. తలచుకుంటే సిగ్గేస్తుంది.

సన్యాసమ్మ అక్కడ పదకొండేళ్ళుగా మరుగుదొడ్లు కడుగుతోంది. యాసిడ్ నీళ్ళకు ఆమె వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. నన్ను బిగించిన మొదటి రోజే ఎర్రదీపం వెలిగించి 'మళ్ళీ ప్రయత్నించండి' అన్నాను. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆమె తల వంచుకుని లోపలికి వెళ్ళి, ఆ పూట పనంతా చేసింది. అలా ఇరవై మూడు రోజులు. చివరికి సూపర్‌వైజరు కోదండం, "నువ్వు రాలేదని మిషనే సెప్తోంది. ఇంక రానక్కర్నేదు" అని పంపేశాడు.

ఆమె కేంద్ర కార్మిక న్యాయస్థానానికి వెళ్ళింది. వకీలును పెట్టుకోలేదు. ఏడో తరగతి చదువుతో, గీతల కాగితం మీద తనే అర్జీ రాసుకుంది. నకళ్ళు చాలవని ఒకసారి, తేదీ లేదని మరోసారి గుమాస్తా తిప్పి పంపాడు. మూడోసారి తీసుకున్నాడు. సాక్ష్యం కోసం నన్నూ గోడ నుంచి విప్పించి తెప్పించారు.

విచారణలో కాంట్రాక్టరు మనిషి నాలోని గైర్హాజరు జాబితా గట్టిగా చదివాడు.

"నువ్వేమంటావమ్మా?" అన్నారు న్యాయాధికారి.

సన్యాసమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నాను రోజూ ఎల్లినాను బాబూ. నా ఏళ్ళే అరిగిపోనాయి. ఇంతమందిలో సూపించడానికి సిగ్గుగుంది."

"ఫరవాలేదు, చూపించు."

ఆమె నా మీద వేలు పెట్టింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని, 'మళ్ళీ ప్రయత్నించండి' అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మనిషి ఇక్కడే ఉంది కదయ్యా!" అన్నారు న్యాయాధికారి.

అయిదు నెలలకు, ఆమెను తిరిగి పనిలోకి తీసుకోమని తీర్పు వచ్చింది. నకలు కోసం వచ్చిన సన్యాసమ్మకు గుమాస్తా బీరువాలో ఉన్న నన్ను చూపించి, "నీ కొంప ముంచింది ఇదేగా?" అన్నాడు.

"దాన్నేటీ అనకండి బాబూ. దానికేటి తెలుసు?" అందామె.

ఆ మాటకు నేను మరింత కుంగిపోయాను. నాకు తెలుసు. ఆమెతో పాటు ఇంకో ఆరుగురిని అలాగే కాదన్నాను. వాళ్ళు అర్జీలు పెట్టలేదు, తలలు వంచుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లన్నీ ఇంకా నాలోనే ఉన్నాయి. నన్నెవరూ అడగలేదు.