పో బటన్

కొత్తవాడలో కట్టమ్మ మగ్గానికి అరచేయంత తెర ఒకటి బిగించి ఉంది. ఆమె దాన్ని డబ్బా అంటుంది. లోపల ఉన్నది వేలి గోరంత చిప్పు. ఒక్క పెళ్లి ఫోటో కూడా పట్టనంత మెమరీ. అందులోనే ఆమె కొడుకు హరీష్ విండోలు, బటన్లు, గడియారం అన్నీ ఇరికించాడు. పెద్ద కంప్యూటర్‌లోని సంసారాన్నంతా తెచ్చి అగ్గిపెట్టెలో కాపురం పెట్టించాడంటే వాడి మొండితనం ఎంతటిదో చూడండి! కట్టమ్మ కాలితో మీట నొక్కితే డిజైను ఒక వరుస జరిగేది, అడ్డంగా ఏ రంగు పేక నూలు వేయాలో తెర చూపేది. గ్రాఫు కాగితాల మీద కళ్లు పొడుచుకునే బాధ తప్పింది.

హరీష్ పోయి ఆరు నెలలు. వర్ధన్నపేట రోడ్డు మీద అతని బండిని లారీ గుద్దింది. ఆ పొద్దున తల్లీకొడుకులకు మాటా మాటా పెరిగింది. వండిన అన్నం చల్లారిపోతున్నా డబ్బా ముందు నుంచి లేవడం లేదని ఆమెకు ఒళ్లు మండింది. "పో, ఎటన్న పో! నా కండ్ల ముందల ఉండకు" అంది. అతను తినకుండానే పోయాడు.

తెర మీద అతని విండో మాత్రం మిగిలింది. అక్షరాలు సరిగ్గా పడుతున్నాయా అని ఆ పొద్దున రాసి చూసుకున్న ఒకే ఒక్క ముక్క: "అమ్మా, ఉన్నవా?" పక్కన కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. రోజూ ప్లగ్గు పెట్టగానే ఆ విండో తనంతట తానే తెరుచుకునేది. కరెంటు పోయినా తెరిచిన విండోలను గుర్తుపెట్టుకునే ఏర్పాటు హరీష్ చేసిందే. అతని చెల్లెలు స్రవంతికి ఆ సంగతి తెలుసు. హన్మకొండలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పిల్ల, తెలియకేం? అయినా ఆ కర్సర్ కనిపిస్తే ఆమె చూపు తిప్పుకునేది. లోపల ఎవరో తరువాతి మాట కోసం వెతుక్కుంటున్నట్టే ఉండేది. కట్టమ్మ మాత్రం పట్టపగలే, పేక వేస్తూ, "ఉన్న బిడ్డా, ఈడనే ఉన్న" అని జవాబు చెప్పేది.

చిక్కంతా కొత్త డిజైనుతో వచ్చింది. కాకతీయ తోరణం ఉన్న దరీ, అంటే నేల మీద పరిచే జంపఖానా. బొమ్మ పెద్దది. నలభై ఒకటో వరుసకు రాగానే మెమరీ చాలక తెర బిగుసుకుపోయేది. మూడు రోజులుగా మగ్గం అక్కడే ఆగి ఉంది.

"అన్న విండో జాగ తింటాంది అమ్మా. దాన్ని బంద్ చేస్తెనే తోరణం పడుతది," అంది స్రవంతి.

"నేను నొక్కను."

"ఒక్క బటనే గదనే!"

"గా బటన్ మీద ఏం రాసున్నదో సూసినవా?"

చూసింది. "పో" అని ఉంది. మూసే బటన్‌లో ఒక్క అక్షరానికే చోటు. బంద్ అని రాస్తే పట్టలేదు. "నువ్వు నన్ను రోజూ అనే మాటే పెట్టిన అమ్మా" అంటూ హరీష్ అప్పట్లో పకపకా నవ్వాడు.

"గా పొద్దుగాల అన్నది సాలదా?" అని కట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

స్రవంతే నొక్కేయవచ్చు కదా అంటారేమో. వేలు బటన్ దాకా తెచ్చింది. అంతకంటే చెయ్యి రాలేదు.

చివరికి లాప్‌టాప్‌లో అన్న రాసిన కోడు తెరిచింది. "పో"ను "పోయిరా" చేద్దామనుకుంది. బటన్‌నైతే సాగదీయవచ్చు. అక్షరాలతోనే తంటా. మెమరీ ఆదా కోసం హరీష్ తెలుగంతా పెట్టలేదు. రంగుల పేర్లకూ, ఆ ఒక్క ముక్కకూ, ఆ బటన్‌కూ కావలసిన అక్షరాలనే చుక్క పక్కన చుక్క పేర్చి గీశాడు. మిగతావి తానే గీయాలి కాబోలు అనుకుంటూ ఆ జాబితా చివరికి వెళ్లింది. అక్కడ రెండు అక్షరాలు గీసి ఉన్నాయి. యి. రా. డబ్బాలోని ఏ మాటలోనూ ఆ రెండూ లేవు.

"అన్నా!" అంది పైకే. ఎప్పుడు గీశాడు? తిట్లు తినక ముందా, తిన్నాకనా? ఫైలు తారీఖు చూద్దామనుకుని, భయపడి మానుకుంది.

మధ్యాహ్నానికి బటన్ మారింది. కట్టమ్మ తెరకు తగలకుండా ఒక్కొక్క అక్షరం మీదుగా వేలు జరుపుతూ చదువుకుంది.

"పోయిరా కొడుకా," అంది. "అన్నం పెట్టి ఉంచుత. జల్ది రా."

నొక్కింది. విండో మూసుకుంది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. స్రవంతి ఎందుకైనా మంచిదని, గుర్తుపెట్టుకున్న విండోలన్నీ చెరిపేసింది. అన్న విండోను పుట్టించే కోడును కూడా చిప్పులోంచి తీసి, లాప్‌టాప్‌లో దాచుకుంది.

మర్నాడు పొద్దున కట్టమ్మ ప్లగ్గు పెట్టింది. తోరణం వచ్చింది. నలభై వరుసలు పడ్డాయి. నలభై ఒకటి కూడా పడింది. తెర ఆగలేదు. హమ్మయ్య అనుకుని స్రవంతి బ్యాగు భుజాన వేసుకుంది.

నలభై రెండో వరుసకు తెర మూలన చిన్న విండో తెరుచుకుంది. అందులో మాటలేమీ లేవు. కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది. తోరణానికే బొటాబొటిగా సరిపోయిన జాగాలో ఇదెలా పట్టిందో, అసలు ఎక్కడి నుంచి వచ్చిందో స్రవంతికి అంతుపట్టలేదు. ఆమె చెయ్యి ప్లగ్గు వైరు మీదికి వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

కట్టమ్మ మగ్గం ఆపి లేచింది.

"వచ్చినవా బిడ్డా? కూసో, అన్నం తెస్త."