అరువు గొంతు

నా గొంతు తీసేసిన డాక్టరు ఆ తర్వాత నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. తిరిగి నోరు చేసుకోలేని మనిషితో ఎవరైనా మర్యాదగానే ఉంటారు. క్యాన్సర్ అన్నారు, స్వరపేటిక మొత్తం తీయకపోతే ప్రాణం దక్కదన్నారు, తీశారు. ఇప్పుడు మెడ కింద చొక్కా గుండీ అంత రంధ్రం ఉంది. దాంట్లోంచే ఊపిరి, దాంట్లోంచే దగ్గు.

నేను కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాణ్ణి. టమాటా గంపల మధ్య బల్లెక్కి ఒక్క అరుపు అరిస్తే గేటు బయట లారీల్లో పడుకున్న డ్రైవర్లు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. మార్కెట్లో నన్ను అందరూ 'మైకు' అనేవాళ్ళు. మైకు పాడయ్యాక ఆ పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ నోరు రావడం లేదు. జాలి మొహాలేసుకుని "అన్నా" అంటున్నారు. నాకు ఒళ్ళు మండుతుంది.

నేనొక్కణ్ణే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. కానీ వెనక గదిలో మా అమ్మ ఉంది. ఆమెకు చూపు లేదు, నాకు మాట లేదు. ఎదురెదురుగా కూర్చున్నా ఒకరికి ఒకరం లేనట్టే.

మా ఇంట్లో పెద్దవాళ్ళకు చెడ్డ కబురు చెప్పే అలవాటు లేదు. ఆపరేషనుకు వెళ్ళేముందే మా ఆవిడ అమ్మతో, ఆయన వేరే ఊరి మార్కెట్లో పనికి కుదిరారని చెప్పేసింది. ఫోనైనా చేయడేమని అమ్మ అడిగితే మా బావమరిది "అక్కడ సిగ్నల్ ఉండదత్తయ్యా" అన్నాడు. ఇంకోసారి అడిగితే మా ఆవిడ ఫోను నీళ్ళలో పడిపోయిందంది. అబద్ధమాడేముందు ఇద్దరూ కూడబలుక్కుందామన్న జ్ఞానం ఒక్కరికీ లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక నా ఇంట్లో నేనే దొంగలా తిరిగాను. అమ్మ గది దాటాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. దగ్గొస్తే మెడకు తువ్వాలు అదుముకుని పెరట్లోకి పరుగెత్తాలి. "ఎవరే ఆ దగ్గు?" అని అమ్మ అడిగితే "నేనే అత్తయ్యా, మిరపకాయల ఘాటు" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసేది. పొయ్యి మీద చూస్తే వేణ్ణీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు.

అమ్మ తిండి తగ్గించేసింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. "వాడికి నేను బరువైపోయానే. గుడ్డిదాన్ని నీ నెత్తిన రుద్ది తప్పుకున్నాడు" అనేది మా ఆవిడతో. గోడకు ఇవతల నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. నిన్ను వదిలేసి పోలేదమ్మా అని ఆమె చెవిన వేయాలి. నాకు కావలసింది అదొక్కటే. కొడుకు వదిలించుకుని పోయాడన్న దిగులుతో ఆమె కళ్ళు మూసిందంటే ఇక నేను బతికి దేనికి?

మా బావమరిది ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం పాత ల్యాప్‌టాప్ ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు.

"ఆఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చాను బావా. మూలుగుడు తప్ప మాటలేదు. నీకూ దీనికీ ఈడూ జోడూ" అన్నాడు.

వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకున్నాను.

దానికి లేని రోగం లేదు. మూత కీలు విరిగింది, వెనక ఇటుక ఆనిస్తే తప్ప నిలబడదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గు ఊడితే గుటుక్కుమంటుంది. లోపలి ఫ్యాను పిండిమర లాగా మోగుతుంది. బావమరిది నేల మీద బాసింపట్టు వేసుకుని అడుగు రేకు ఊడదీశాడు. దూది ఉండలంత దుమ్ము ఊదేసి, పాత డిస్కు తీసి కొత్తది బిగించి, బరువైన సిస్టం చెరిపేసి తేలికైనది ఎక్కించాడు. కీల మీద తెలుగు లేకపోతే అక్షరాలు కాగితం మీద రాసి, ముక్కలు కత్తిరించి, ఒక్కోదాన్నీ టేపుతో అంటించాడు. వాడి వేళాకోళానికి ఒళ్ళు మండినా, ఆ పని చూసి కాళ్ళకు దణ్ణం పెడదామనిపించింది.

"టైపు చేసి ఈ కీ నొక్కు, అదే చదువుతుంది. తొందరపెట్టావంటే మాత్రం హ్యాంగవుతుంది. ఇంకోటి బావా, మగగొంతు కూడా ఉంది గానీ దాన్ని ఈ మిషను మొయ్యలేదు. మోసేది ఈ ఒక్క గొంతే. సర్దుకో."

కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్క వేలితో అక్షరాలు ఏరుకుని, కీ నొక్కాను. స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే ఆడమనిషి గొంతు, అంతే చల్లగా, "కూరలో ఉప్పు తక్కువ" అంది.

"మాట వచ్చిందో లేదో మొదలెట్టారా" అని మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

తర్వాత పగలంతా దాంతోనే కుస్తీ పట్టాను. బల్లెక్కితే క్షణానికో ధర పలికినవాణ్ణి, 'అమ్మ' అని కొట్టడానికి చెమటలు పట్టేవి. చెయ్యి కాస్త తిరిగాక, ఇవాళ అమ్మతో మాట్లాడతానని కొట్టి వినిపించాను.

మా ఆవిడ భయపడింది. "ముందు మేం మెల్లగా చెప్తాం. మీరు తర్వాత లోపలికి రండి."

వినలేదు. వీళ్ళు నోరు విప్పితే ఇంకో అబద్ధం దొర్లుతుందనుకున్నాను. మొదటి మాట నాదే కావాలన్న పట్టుదల కూడా ఉంది. బల్ల మీద ముందు నోరెత్తి బతికినవాణ్ణి కదా.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్న కూడా అదే మార్కెట్లో వేలం వేసేవాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాక ఎవరూ పలకకపోతే సరుకు పోయినట్టే, ఇక మాట్లాడ్డానికి లేదు. ఆ కట్టుబాటే అమ్మ ఇంట్లోనూ పెట్టింది. అన్నానికి మూడుసార్లు పిలిచేది. మూడో పిలుపుకు పలకకపోతే కంచం ఎత్తేసేది, కాళ్ళావేళ్ళా పడినా మళ్ళీ పెట్టేది కాదు. నేను రెండో పిలుపు దాకా రానిచ్చినవాణ్ణి కాదు.

ల్యాప్‌టాప్ ఆమె మంచం పక్క స్టూలు మీద పెట్టి, ఇటుక ఆనించి, ప్లగ్గు పెట్టాను. మా ఆవిడా బావమరిదీ గుమ్మంలో నిలబడ్డారు. కీ నొక్కాను.

"అమ్మా. నేను. బుడ్డోణ్ణి. నేను ఎక్కడికీ పోలేదు" అంది ఆ ఆడగొంతు.

అమ్మ తల ఇటు తిప్పింది. "ఎవరమ్మా నువ్వు?"

ఆమె చెయ్యి తీసుకుని నా బుగ్గకు ఆనించుకున్నాను. బుగ్గ ఏది? ఒళ్ళు సగానికి సగం తీసిపోయింది. ఆసుపత్రిలో క్యాన్సర్‌కు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాక గడ్డం మొలవడం కూడా మానేసింది. అమ్మ వేళ్ళు ఎముక మీద కాసేపు తడుముకుని వెనక్కి వెళ్ళిపోయాయి.

"ఒళ్ళంతా మందుల వాసన. ఆసుపత్రి మనిషివా? వాడి పేరు నీకెందుకు?"

"అత్తయ్యా, ఆయనే అత్తయ్యా, మీ అబ్బాయే. గొంతు ఆపరేషనై మాట పోయింది" అంది మా ఆవిడ.

"ఊరెళ్ళాడన్నావు. సిగ్నల్ లేదన్నారు. ఫోను నీళ్ళలో పడిందన్నారు. ఇప్పుడు గొంతు పోయిందా?" అంది అమ్మ. "వాడు ఈ గదిలో ఉంటే వాణ్ణే పలకమను. నేను పిలుస్తాను."

నేను ఆత్రంగా టైపు కొట్టాను. ఉన్నాను, ఇక్కడే ఉన్నాను. కీ నొక్కాను. మాట రాలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మళ్ళీ నొక్కాను. తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది, ఫ్యాను మాత్రం రొద పెడుతోంది.

"బుడ్డోడా" అంది అమ్మ.

బావమరిది వచ్చి కీలు రెండు మూడు కలిపి అదిమాడు. కదల్లేదు.

"బుడ్డోడా."

నోరు తెరిచి ఉన్న బలమంతా పెట్టి అరిచాను. మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుమంది. అమ్మ మంచం పట్టె పట్టుకుని కొంచెం లేచింది. మూడో పిలుపుకు ముందు చాలాసేపు ఆగింది. మా నాన్న కూడా అలాగే ఆగేవాడట, ఎవరికైనా పలకాలని ఉంటే పలుకుతారని.

"బుడ్డోడా."

ఎవరూ పలకలేదు. అమ్మ మెల్లగా వెనక్కి వాలి గోడవైపు తిరిగింది. "పోయాడు. నాకు ముందే తెలుసు. ఇన్నాళ్ళూ దాచారు" అంది.

ఆ తర్వాత మేం చెయ్యని ప్రయత్నం లేదు. మా ఆవిడ ప్రమాణాలు చేసింది. బావమరిది ఏడ్చాడు. నాకూ అమ్మకూ తప్ప మూడోవాడికి తెలియని చిన్ననాటి సంగతులు మిషనుతో చెప్పించాను. నాన్న తక్కెడ నేను బావిలో పడేస్తే ఆమె తన మీద వేసుకోవడం, నాకు జ్వరమొచ్చినప్పుడు పాడిన లాలిపాట. అమ్మ అన్నీ శ్రద్ధగా విని, "ఆసుపత్రిలో పొద్దుపోక నీకివన్నీ చెప్పుంటాడు. వాడి నోరు ఒక్కచోట ఊరుకుంటేనా" అంది. వాడి నోరు. నాకు నవ్వాలో చావాలో తెలియలేదు.

కానీ ఆ ఆసుపత్రి అమ్మాయిని ఆమె రావద్దనలేదు. కాబట్టి రోజూ పొద్దున ఇటుక ఆనించి కూర్చుంటాను. అమ్మ నా గురించి నాకే చెబుతుంది. నేను ఎంత తిండిపోతునో, ఎంత కోపిష్టినో, మొదటిసారి బల్లెక్కినప్పుడు కాళ్ళు ఎంత వణికాయో. అన్నం మాత్రం ముట్టదు. డాక్టరు వచ్చి చూసి, ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో ఉండదని మా ఆవిడతో బయట చెప్పి వెళ్ళాడు.

నిన్న పొద్దున అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది.

"వాడు పోయాడని కాదమ్మాయ్ నా ఏడుపు. పోయేవాళ్ళు పోతారు. నన్ను వదిలించుకుని వెళ్ళి, అక్కడెక్కడో పోయాడు చూడు, అది మింగుడు పడటం లేదు. చివర్లో నువ్వు దగ్గరున్నావు కదా. నా గురించి ఏమైనా అన్నాడా?"

మా ఆవిడ కంచం పట్టుకుని గుమ్మంలో ఉంది. నేనేం చేయబోతున్నానో ఆమెకు అర్థమైంది. వద్దని తల అడ్డంగా ఊపింది. నేను కీల మీదికి వంగాను. తొందరపడలేదు, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా అమ్మను 'మీరు' అన్నాను.

"అన్నాడు. మిమ్మల్ని వదిలి పోలేదని చెప్పమన్నాడు. అతను ఏ ఊరూ వెళ్ళలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికే వచ్చాడు. మీ గది పక్కనే ఉన్నాడు. గొంతు తీసేశారు, అందుకే పలకలేదు."

"పక్కనేనా?"

"పక్కనే. మీ మాటలన్నీ విన్నాడు."

అమ్మ చెయ్యి చాపి పక్క గోడను తడిమింది. "పెరట్లో ఆ దగ్గు వాడిదేనా?"

"అతనిదే."

"ఇక్కడే పోయాడా? ఇంట్లోనే?"

వేలు కీ మీద పెట్టి ఉంచాను. మా ఆవిడ ఇంకా తల ఊపుతూనే ఉంది.

"ఇంట్లోనే" అంది ఆ గొంతు.

అప్పుడు ఏడ్చింది అమ్మ, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారి ఏడ్చింది. "పిచ్చి సన్నాసి. గుడ్డిదాన్ని గానీ చెవిటిదాన్ని కాదు కదరా. గోడ మీద వేలితో తట్టినా గుర్తుపట్టేదాన్ని" అంది. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో నాకు తెలియదు.

ముఖం తుడుచుకుని, "ఏదే, ఆ కంచం ఇలా తే" అని మా ఆవిణ్ణి పిలిచింది. అన్నమంతా తిని, ఇంకాస్త పెట్టమని అడిగింది. నేను చచ్చానన్న నమ్మకం కుదిరాక మా అమ్మ కడుపునిండా తిన్నది. మా ఆవిడ తినిపిస్తున్నంతసేపూ నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.