లెన్స్ తీసేస్తే

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ ఆఫీసులో మనోజ్ఞ పొద్దుటి నుంచీ తను డిజైన్ చేసిన లెన్స్‌ను తిట్టుకుంటూనే ఉంది. ఆ లెన్స్ ఇంకా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నల్లగీతల టెస్ట్ చార్టును దాని గుండా చూస్తే గీతలన్నీ అలుక్కుపోతున్నాయి. వంపులు మార్చింది, మందం మార్చింది. అయినా అంతే.

పక్క సీట్లోంచి నిశాంత్ తొంగిచూశాడు. "ఒక్కసారి లెన్స్ తీసేసి చూడక్కా."

"తీసేస్తే ఇంకేం చూస్తం?" అని కసిరింది కానీ తీసేసింది. చార్టు అప్పుడూ మసకగానే ఉంది.

"ఈ చార్టు ఏడికెల్లి తెచ్చినవక్కా?"

"ఇంటి నుంచి నాకు నేనే వాట్సాప్ చేసుకున్న," అంది, గొంతు తగ్గించి.

వాట్సాప్ కుదించని అసలు ఫైలు పెట్టి, పొద్దుటి నుంచి చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేసింది. నిన్నటి లెన్స్‌లో ప్రతి గీతా విడిగా కనిపించింది.