అతను ఆగే దారి

ఇస్త్రీ యంత్రపు ఉడుకు రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికి రాగానే ఇటు రెండు మూలలు సఫ్తా పట్టుకుంది, అటు రెండు తుదోరా పట్టుకుంది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు నడిచి, మడత కలిపి, మళ్ళీ వెనక్కి జరిగారు. ఆసుపత్రి లాండ్రీలో సఫ్తా బతుకంతా ఈ నడకే. చేతులు మోచేతుల దాకా ఆవిరికి ఎర్రబారి ఉంటాయి. వేళ్ళ చివర్లు అరిగి నున్నబడ్డాయి.

"కథ సాయంత్రంలోపు పంపాలిగా సఫ్తక్కా," అంది తుదోరా దుప్పటి మీదుగా. "మీ ఆయన్ని ఆపావా, లేదా?"

"కథలో ఆయన వేరే."

"అవునవును. పేరు పనాయిత్, చేపలు పడతాడు, కుడికాలు ఈడుస్తాడు. ఎవరి మొగుడో పాపం."

బ్రయీలా ఊరి గ్రంథాలయం వాళ్ళు పెట్టిన కథల పోటీ అది. ఈ కథలను చదివేవాళ్ళే నడపాలి. తెర మీద కొంత కథ వస్తుంది, కింద రెండు మూడు దారులుంటాయి, తాకిన దారిలో కథ సాగుతుంది. సఫ్తా కథ చలికాలపు వేకువలో ఒక వంటగదిలో మొదలవుతుంది. గడ్డకట్టిన డాన్యూబ్ నది మీదుగా దీవికి వెళ్ళడానికి భర్త ఉన్ని చేతి తొడుగులు తొడుక్కుంటూ తయారవుతుంటాడు. చదివేవాళ్ళది అతని భార్య పాత్ర. పుల్లటి చోర్బా చారు పోసి కూర్చోబెట్టవచ్చు, పోట్లాడవచ్చు, బూట్లు దాచవచ్చు, ఊరుకోవచ్చు. ఏం చేసినా అతను వెళ్ళిపోతాడు.

సఫ్తా భర్త, అసలు పనాయిత్ కూడా అలాగే వెళ్ళాడు. నది అతన్ని తిరిగి ఇవ్వలేదు. ఖాళీ శవపేటికనే పూడ్చారు. పోటీలో నెగ్గిన కథను గ్రంథాలయం కంప్యూటర్లో ఉంచుతారట. చదవడానికి వచ్చినవాళ్ళంతా కథలోని వంటగది తలుపు దగ్గర నిలబడి పనాయిత్‌ను పేరుపెట్టి పిలుస్తారు. సఫ్తాకు కావలసింది అంతే.

మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీద జూన్ ఎండలో కూర్చుని రొట్టె, ఉప్పు జున్ను తిన్నారు. తుదోరా ఫోనులో మళ్ళీ కథ ఆడింది.

"ఏది తాకినా పోతాడేంటక్కా? ఇక నన్ను అడగడం ఎందుకు? చదివేవాళ్ళు తేల్చినట్టు కథ మారాలని పోటీవాళ్ళే చెప్పారాయె. మొదటి వడపోతలోనే తీసి పారేస్తారు. ఆగే దారి ఒక్కటి పెట్టు."

"రావట్లేదే. ఆగాక ఏం చేస్తాడో నాకు తెలియదు."

"ఏం చేస్తాడు, తిని గురక పెడతాడు. మా ఇంట్లో జరిగేది అదే." తుదోరా తెర చూపించింది. "ఇది మాత్రం బాగా కుదిరింది. ఊరుకుంటే, తలుపు అవతలి నుంచి అడుగుతాడు, 'ఇంకా అక్కడే ఉన్నావా' అని. ఒళ్ళు జలదరించింది."

సఫ్తా నమలడం ఆపేసింది. తను రాసిన ప్రతి వాక్యం ఆమెకు నోటికి వచ్చు. ఊరుకుంటే తలుపు మూసుకుంటుంది. అక్కడితో ఆపేసింది. ఈ ప్రశ్న తను రాయలేదు. అడిగిన తీరు మాత్రం బాగా తెలిసినదే, పనాయిత్‌ది.

"నువ్వు రాయలేదా ఏంటి?"

"రాసే ఉంటాను," అంది సఫ్తా.

మధ్యాహ్నమంతా దుప్పట్ల మధ్య నడుస్తూ, మనసులో కథలోని అతని చేత బూట్లు విప్పించాలని చూసింది. విప్పినవాడు విప్పినట్టే మళ్ళీ తొడుక్కుంటున్నాడు.

ఇంటికి వచ్చి, వంటగది బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. 'అతను ఆగిపోయాడు' అని రాసింది. అబద్ధంలా కనిపించి చెరిపేసింది. ఊరుకునే దారిలోకి వెళ్ళింది. ప్రశ్న అక్కడే ఉంది. దాని కింద దారులేమీ లేవు, తెల్లటి ఖాళీ. ఎవరో జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడినట్టుంది. ఆమె లేచి తలుపు దాకా వెళ్ళింది, గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండానే తిరిగి వచ్చింది.

చివరికి రెండు దారులు రాసింది. ఒకటి, 'జవాబివ్వకు.' రెండోది, 'ఉన్నాను. ఆగు, నేనూ వస్తున్నాను.' రెండో దారిలో ఏం జరగాలో ఆలోచించనక్కర లేకపోయింది. భార్య తలగుడ్డ ముడేసుకునే దాకా అతను గడపలో ఆగాడు. వెలుతురు ఉండగానే కథ పంపించి, తుదోరాకు కబురు పెట్టింది: "ఆగాడు."

మర్నాడు సఫ్తా పనికి రాలేదు. మూలలు పట్టేవాళ్ళు లేక తుదోరా దుప్పట్లను బల్ల మీద మడిచింది. మధ్యాహ్నం సఫ్తా ఇంటికి వెళ్ళింది. తలుపు గడియ వేసి లేదు.

సఫ్తా బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చలికాలపు కోటు మెడ దాకా గుండీలు పెట్టుకుంది, తలగుడ్డ గడ్డం కింద ముడేసుకుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, తాకితే మంచులా చల్లగా. ఇక బయలుదేరదామా అన్నట్టుంది ముఖం.

"ఎక్కడికక్కా ఈ ఎండలో," అంది తుదోరా మెల్లగా.

చనిపోయినవాళ్ళ ఇంట్లో చేయవలసినవి చేసింది. ఆత్మ వెళ్ళడానికి కిటికీ తెరిచింది, అద్దం మీద గుడ్డ కప్పింది. కొవ్వొత్తి కోసం వెతుకుతూ పొయ్యి వైపు తిరిగి, అక్కడే నిలబడిపోయింది. పొయ్యి పైన తీగ మీద, మగవాళ్ళ ఉన్ని చేతి తొడుగులు ఒక జత ఆరవేసి ఉన్నాయి. వేళ్ళ చివర్ల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.